చివరి దశలో ఉన్న మనిషి మీద పరిశోధనా? మా ఇంట్లో గొడవ, మీరేమంటారు?

ఉప్పాడ_తీరం
అందరికీ నమస్కారం. మా మేనత్తకి ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమో ఇక పనిచేయదని చెప్పి, నొప్పీ ఆయాసమూ తగ్గించే పాలియేటివ్ విభాగానికి పంపారు. అక్కడ బాగానే చూస్తున్నారు, ఫిర్యాదు ఏమీ లేదు. పోయినసారి వెళ్ళినప్పుడు, ఆయాసం మీద ఒక స్టడీ చేస్తున్నాం, ఇష్టమైతే చేరండి అని కాగితాలు చేతిలో పెట్టారు. కొత్త మందేమీ కాదట. కొంతమందికి ఊపిరి తీసుకునే పద్ధతులు నేర్పుతారు, కొంతమందికి ఇప్పుడు ఇస్తున్న వైద్యమే కొనసాగుతుంది, అందరినీ ఫోన్‌లో ప్రశ్నలు అడుగుతారు.

మా బావ (అత్త కొడుకు) అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "పోయే ప్రాణంతో ప్రయోగాలేంటి?" అని. అత్త మాత్రం "అడిగితే చెప్తాను, నాదేం పోయింది" అంటోంది.

నా సందేహం వేరు. జబ్బు నయం చేయడానికి పరిశోధన అంటే అర్థమవుతుంది. నయం కాదని తేలిపోయాక ఇంకా కనిపెట్టడానికి ఏముంటుంది? నొప్పికి మార్ఫిన్ ఇవ్వడం, ప్రేమగా చూసుకోవడం. దీనికి స్టడీ ఎందుకు?

సందేహాల_రావు
మీ బావ చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. ఖమ్మం సంగతి మర్చిపోయారా? 2009లో అక్కడి ఆడపిల్లలకు, అందులో చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదివేవాళ్ళు, స్టడీ పేరుతో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. అక్కడ పోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో అన్నారు, సరే. కానీ సంతకాల సంగతి అబద్ధం కాదుగా?

బడికి వెళ్ళే పిల్లల విషయంలోనే అలా చేసినవాళ్ళు, మంచం దిగలేని మనిషిని వదులుతారా? పేపర్లు అచ్చేయించుకుని ప్రమోషన్లు కొట్టేది వాళ్ళు. మనవాళ్ళు ముందే పోతారు, అడిగే నాథుడు ఉండడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
హాస్పీస్‌లో, అంటే చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే చోట, చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సుని. ఉప్పాడ గారి ప్రశ్నకి నా వార్డు నుంచే జవాబు చెప్తాను.

చివరి రోజుల్లో పేషెంట్ తినడం, తాగడం తగ్గిస్తారు. అప్పుడు బంధువులు అడిగే మొట్టమొదటి మాట ఇది: "కనీసం ఒక సెలైన్ అయినా పెట్టండి సిస్టర్." ఇంటి దగ్గర ఉంటే ఆర్ఎంపీని పిలిచి పెట్టించేస్తారు. సీసా వేలాడుతుంటే ఏదో జరుగుతోందని మనసుకి ధైర్యం. మేమూ చాలాకాలం కాదనలేదు. ఎండిపోయి పోతున్నారన్న మాట వినడం ఎవరికి ఇష్టం?

దీన్ని నిజంగా పరీక్షించారు. హ్యూస్టన్‌లో డాక్టర్ ఎడ్వర్డో బ్రుయేరా బృందం, 2013లో ప్రచురించారు. క్యాన్సర్ ముదిరి హాస్పీస్ సేవలో ఉన్న 129 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకి లీటరు సెలైన్, రెండో గుంపుకి 100 మిల్లీలీటర్లు మాత్రమే ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో పేషెంట్‌కీ తెలియదు, లక్షణాలు నమోదు చేసేవాళ్ళకీ తెలియదు. నీరసం, మగత, కలవరింత, బతికిన రోజులు, దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇది తెలిశాక నా పని మారింది. నరం దొరక్క చేతులు గుచ్చి గుచ్చి నల్లబడేలా చేయడం మానేశాం. కాళ్ళలో నీరు చేరినవాళ్ళకి ఇంకా నీరు ఎక్కించడం మానేశాం. దాహం అన్నప్పుడు చాలాసార్లు బాధ నోరు ఎండిపోవడంతోనే. తడిగుడ్డతో పెదాలూ నాలుకా మాటిమాటికీ తడపడం ఇంట్లోవాళ్ళకే నేర్పిస్తాను. మనవాళ్ళు తులసి తీర్థం పోస్తారు కదా, ఆ చెయ్యి ముందునుంచే పని మొదలుపెడుతుంది. ఆ సెలైన్ సీసా ఇచ్చిన ధైర్యం ఈ పనిలోనూ దొరుకుతుంది, పైగా పేషెంట్‌కి హాయి.

ప్రేమ ఒక్కటే సరిపోయే పనైతే మేము సెలైన్ ఎప్పటికీ ఆపేవాళ్ళం కాదు.

సందేహాల_రావు
సిస్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. హ్యూస్టన్‌లో ఏసీ గదిలో పడుకున్న మనిషి, మే నెలలో రెంటచింతలలో రేకుల షెడ్డు కింద పడుకున్న మనిషి ఒకటేనా? అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అంటిస్తే ఎలా?

లెక్కల_మాస్టారు
రావుగారూ, మీరు అడిగింది అసలైన ప్రశ్న. దానికి ఉన్న ఒకే ఒక్క జవాబు ఇక్కడ కూడా పరీక్షించి చూడటం. అంటే పరిశోధన కావాలనే మీరే వాదిస్తున్నారు, గమనించారా :)

నేను బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల గణాంకాలు) పాఠాలు చెప్తాను. ఈ రంగం ఎందుకు కష్టమో నాలుగు ముక్కలు. మామూలు ట్రయల్‌లో, అంటే వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించే స్టడీలో, మనిషి నెలల తరబడి ఉంటాడు. ఇక్కడ పేరు రాసుకున్న మనిషి రెండో ఫోన్ చేసేసరికి ఉండకపోవచ్చు, ఉన్నా ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక ఉండకపోవచ్చు. అలా మిస్ అయ్యేవాళ్ళు బాగా జబ్బుగా ఉన్నవాళ్ళే కాబట్టి, మిగిలినవాళ్ళ లెక్క చూస్తే వైద్యం అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. దీన్ని సరిచేయడం మా తలనొప్పి. ఇంకో చిక్కు, డాక్టర్లూ నర్సులూ జాలిపడి "పాపం, ఈవిడని ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని కాగితం చూపించకుండానే పక్కన పెట్టేస్తారు. అడిగితే సరే అనేవాళ్ళు చాలామందే ఉంటారు, ఉప్పాడ గారి అత్తగారిలాగా.

ఇక కేవలం చూసి నమ్మడం ఎందుకు చాలదో చెప్తాను. ఆయాసపడే మనిషికి ఆక్సిజన్ పెడితే తేలిక పడుతుందని అందరం నమ్ముతాం. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీలో ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్‌లలో 239 మందిని తీసుకున్నారు. వాళ్ళ రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోలేదు, కానీ ఆయాసం తీవ్రం. సగం మందికి మిషన్ నుంచి ఆక్సిజన్, సగం మందికి అదే రకం మిషన్ నుంచి మామూలు గాలి. వారం రోజుల్లో రెండు గుంపులకీ కాస్త హాయి అనిపించింది. ఇంచుమించు ఒకేలా. ఒక్క గుంపునే చూసి ఉంటే "ఆక్సిజన్ భలే పనిచేసింది" అని రాసేసేవాళ్ళం. ఇల్లు గుల్ల చేసుకుని కాన్సన్‌ట్రేటర్ (ఆక్సిజన్ మిషన్) అద్దెకి తెచ్చే కుటుంబాలకి ఈ సంగతి ముందే తెలియాలి కదా. (రక్తంలో ఆక్సిజన్ శాతం, అదే శాచురేషన్, నిజంగా పడిపోయినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఇది వర్తించదు. దయచేసి ఎవరూ మిషన్ పీకేయకండి.)

నైట్‌డ్యూటీ_సిస్టర్
మాస్టారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. రాత్రిపూట మనిషి ఉన్నట్టుండి అయోమయంలో పడి, లేని మనుషులతో మాట్లాడటం, మంచం దిగబోవడం చూస్తుంటాం. దానికి హాలోపెరిడాల్ అనే మానసిక వైద్యపు మందు ఇవ్వడం అన్నిచోట్లా అలవాటు. 2017లో ఆస్ట్రేలియా స్టడీ వచ్చింది, 247 మందితో. మరీ తీవ్రం కాని అయోమయంలో హాలోపెరిడాల్ గానీ అదే కోవకి చెందిన రిస్పెరిడోన్ గానీ ఇచ్చినవాళ్ళకంటే, డమ్మీ మందుతో పాటు మామూలు జాగ్రత్తలు తీసుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. జాగ్రత్తలంటే మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం లాంటి కారణం వెతకడం, లైటు, తెలిసిన మొహం, కళ్ళజోడు, చెవి మిషన్. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

లీడ్స్_డాక్టర్
ఆలస్యంగా వస్తున్నాను, ఇక్కడ ఇప్పుడే డ్యూటీ అయింది. గుంటూరు నుంచి వచ్చి యూకేలో పాలియేటివ్ మెడిసిన్‌లో ఉన్నాను.

"మార్ఫిన్ ఇవ్వడం" అని ఉప్పాడ గారు ఒక్క ముక్కలో అన్నారు. ఆ ముక్క కూడా పరిశోధన పెట్టిన భిక్షే. 1950లలో నొప్పి భరించలేక అరిచినప్పుడే ఇంజక్షన్ ఇచ్చేవాళ్ళు, అలవాటు పడిపోతారని భయం. సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలుపెట్టి, సోషల్ వర్కర్‌గా చేసి, ఆ తర్వాత డాక్టర్ చదివిన మనిషి. 1958 నుంచి లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్‌లో, గంటల లెక్కన, నొప్పి రాకముందే, నోటి ద్వారా మార్ఫిన్ ఇస్తూ రోగుల రికార్డులు ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయారు. మోతాదు అంతులేకుండా పెరిగిపోవడం, మత్తుకి బానిసలు కావడం అనే భయాలు ఆ రికార్డుల ముందు నిలబడలేదు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచినప్పుడు వైద్యం, చదువు, పరిశోధన మూడూ ఒకే కప్పు కింద పెట్టారు. తర్వాత అక్కడే రాబర్ట్ ట్వైక్రాస్, నొప్పికి హెరాయిన్ గొప్పదా మార్ఫిన్ గొప్పదా అన్న వాదాన్ని ట్రయల్ చేసి తేల్చారు. నోటితో తీసుకున్నప్పుడు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచమంతా చవకైన మార్ఫిన్ మాత్రతో సరిపెట్టుకోగలగడానికి అదీ ఒక కారణం.

పరీక్షించకుండా పరుగెత్తితే ఏమవుతుందో కూడా ఈ దేశంలోనే చూశాను. లివర్‌పూల్ కేర్ పాత్‌వే అని, హాస్పీస్‌లో చేసే మంచి పనుల్ని చెక్‌లిస్టుగా మార్చి ఆసుపత్రులన్నింటికీ పంచారు. ఉద్దేశం బంగారం. కానీ శిక్షణ లేని వార్డుల్లో అది టిక్కులు పెట్టే కాగితమైంది. మా నాన్నకి నీళ్ళు కూడా ఇవ్వలేదు, మాకు చెప్పకుండానే పెట్టేశారు అని కుటుంబాలు రోడ్డెక్కాయి. 2013లో జూలియా న్యూబర్గర్ కమిటీ నివేదిక వచ్చింది, 2014లో ఆ పాత్‌వేని ఎత్తేశారు. దాని మీద సరైన ర్యాండమైజ్డ్ ట్రయల్ (చీటీ వేసినట్టు గుంపులు విడదీసి పోల్చేది) ఇటలీలో జరిగి ఫలితం అచ్చయ్యేసరికి ఇక్కడ కథ ముగిసింది. ఆ ఫలితం కూడా అంతంతమాత్రమే, మొత్తంగా చూస్తే సంరక్షణ నాణ్యతలో తేలిన తేడా లేదు. ట్రయల్ పదేళ్ళు ముందు జరిగి ఉండాల్సింది.

పాలమూరోడు
మీరంతా పెద్ద పెద్ద స్టడీలు చెప్తున్నరు, మంచిదే. నేను హోమ్ కేర్ బండిలో ఫిజియోథెరపిస్టుగా ఊర్లు తిరుగుత. మా దగ్గర ప్రశ్నలు వేరే ఉన్నయి.

మార్ఫిన్ మాత్ర పనిచేస్తదా అని మాకు డౌట్ లేదు. అది మనిషి దాకా వస్తదా అన్నదే డౌట్. 1985ల మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చినంక దవాఖానలు దాన్ని పెట్టుకోవాలంటేనే భయపడ్డయి. 2014ల చట్టం సవరించి లైసెన్సుల గోల తగ్గించిన్రు. అయినా జిల్లాలల్ల ఎంతమంది డాక్టర్లు రాస్తున్నరు? మన దేశంలనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లల్ల మార్ఫిన్ తీసే నల్లమందు సర్కారు లైసెన్సుతోటి పండిస్తరు. 2017ల లాన్సెట్ కమిషన్ లెక్క: ప్రపంచంల పంచే నొప్పి మందు మార్ఫిన్ లెక్కల 298.5 టన్నులు, అందుల పేద దేశాలకు పోయేది 0.1 టన్ను. ఈ ముచ్చటకు ట్రయల్ అవసరం లేదు, ఎక్కడ ఆగుతున్నదో వెతికే పరిశోధన కావాలె. స్టాక్ లేదా, రాసే డాక్టర్ లేడా, ఇంట్ల కోడలు "మత్తు మందు" అని దాచిపెడుతున్నదా? మూడిటికీ మందులు వేరు.

ఇంకోటి. పగలు మేము పోతం. రాత్రి రెండింటికి నొప్పి లేస్తే ఎవరు? ఆటో కట్టుకొని పట్నం ఎమర్జెన్సీకి ఉరుకుతరు, అక్కడ వీళ్ళ కేసు ఎరిగినోడు ఉండడు, ట్యూబు వేసి ఐసీయూల పెడతరు. ఇంట్ల పోవాలె అన్న పెద్దమనిషి అక్కడ పోతడు, బిల్లుకు ఎకరం పోతది.

లీడ్స్_డాక్టర్
పాలమూరు అన్నా, ఇది వినండి. యూకేలో జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతిలో రోగుల్ని, ఇంట్లో చూసుకునేవాళ్ళని, సిబ్బందిని కలిపి అడిగారు: ఈ రంగంలో మొదట ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలి? 2015లో జాబితా వచ్చింది. మొదటి ప్రశ్న కొత్త మందు గురించి కాదు. పని వేళలు దాటాక, రాత్రుళ్ళు, సెలవు రోజుల్లో కంగారు పడాల్సిన పరిస్థితి రాకుండా, మనిషి తాను కోరుకున్న చోటే ఉండేలా సేవ అందించడం ఎలా? సరిగ్గా మీరు రాసిందే. మేం డాక్టర్లం కూర్చుని రాసి ఉంటే ఆ ప్రశ్న పైకి వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

లెక్కల_మాస్టారు
మన దగ్గర అలాంటి జాబితా తెలుగులో అడిగి తయారుచేస్తే పాలమూరు గారి ఆటో, ఎకరం రెండూ పై వరుసలో ఉంటాయి. ఎవరైనా పీహెచ్‌డీ పిల్లలు ఈ థ్రెడ్ చదువుతుంటే అంశం ఉచితం, తీసుకోండి.

మోడరేటర్
"మూడు నెలల్లో గ్యారంటీ" అంటూ కషాయం ఫోన్ నంబర్ పెట్టిన పోస్టు తీసేశాం, ఐడీ బ్లాక్ చేశాం. ఇక్కడి మాటలు చూసి ఎవరూ మందుల మోతాదు మార్చవద్దు. లివింగ్ విల్ (కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) గురించి అడిగిన సభ్యులకి: సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇప్పుడు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు చేయవచ్చు. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మాట్లాడండి.

మల్లెతీగ_నెల్లూరు
నేను ఇంకో చిక్కు అడుగుతాను. మా నాన్నగారికి క్యాన్సర్ అని ఆయనకి మేం చెప్పలేదు. "లివర్‌లో వాపు" అన్నాం. మన ఇళ్ళల్లో సగానికి సగం ఇదే కథ. జబ్బు పేరే తెలియని మనిషి "ముదిరిన క్యాన్సర్ రోగులపై అధ్యయనం" అన్న కాగితం మీద సంతకం ఎలా పెడతారు? కాగితం పైన హెడ్డింగ్ చదివితే గుట్టు రట్టు. చదవనివ్వకుండా సంతకం పెట్టిస్తే అది ఖమ్మం వార్డెన్ పనే కదా?

సందేహాల_రావు
ఇదిగో, ఇదీ ప్రశ్న.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మల్లెతీగ గారూ, మా దగ్గర పాటించేది చెప్తాను. పేషెంట్‌కి తెలియకపోతే స్టడీ గురించి ఎత్తము. ముందు "మీ జబ్బు గురించి మీకేం తెలుసు, ఇంకా తెలుసుకోవాలని ఉందా" అని విడిగా అడుగుతాం. చాలామంది నవ్వుతారు. "తెలుసమ్మా, పిల్లలకి తెలియనివ్వకు, తట్టుకోలేరు" అంటారు. పిల్లలేమో బయట వరండాలో నిలబడి "ఆయనకి తెలియనివ్వకండి" అంటుంటారు. ఇద్దరూ ఒకరికొకరు నాటకం ఆడుకుంటూ చివరి నెలలు గడిపేస్తారు. తెలుసుకోవడం ఇష్టం లేదని నిజంగా అనేవాళ్ళూ ఉంటారు, వాళ్ళని వదిలేస్తాం. దానివల్ల స్టడీలో మాట్లాడేవాళ్ళంతా నిజం తెలిసినవాళ్ళే అవుతారు, తెలియనివాళ్ళ బాధ లెక్కలోకి రాదు. అది లోపమే, కానీ మోసం కంటే నయం.

లెక్కల_మాస్టారు
పేషెంట్‌కి నిజం చెప్పిన ఇళ్ళల్లోనూ చెప్పని ఇళ్ళల్లోనూ ఏం జరుగుతోందన్నది మన భాషలో, మన కుటుంబాల్లో చూడాల్సిన ప్రశ్న. బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ స్టడీ (2010) చాలామంది చెప్తుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిలో, మొదటినుంచే పాలియేటివ్ వైద్యం కూడా అందినవాళ్ళు డిప్రెషన్ తక్కువగా, మెరుగ్గా ఉన్నారు. ఆఖర్లో దూకుడు వైద్యం తక్కువగా తీసుకుని కూడా మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి) లెక్కన 11.6 నెలలు బతికారు, రెండో గుంపు 8.9. అందరూ ఆ నెలల తేడా గురించే మాట్లాడతారు. నాకు ఆసక్తి వేరే చోట: అక్కడ పేషెంట్‌తో జబ్బు ఎటు పోతోందో మాట్లాడటం ఆ వైద్యంలో భాగం. మన దగ్గర ఆ సంభాషణే లేకపోతే అదే ఫలితం వస్తుందా?

ఉప్పాడ_తీరం
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. అత్తకి అంతా తెలుసు, ఆ బాధ లేదు. బావకి ఈ థ్రెడ్ చూపించాను, సెలైన్ సంగతి చదివి కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు "సంతకం పెట్టేముందు ఏం అడగాలో కనుక్కో" అంటున్నాడు.

లెక్కల_మాస్టారు
పరిశోధనలో రోగులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, సమాచార పత్రం తెలుగులో ఇచ్చారా అని చూడండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో స్టడీ నంబర్ ఉంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు, ఆ నంబర్ అడగండి. మధ్యలో మానేస్తే ఇప్పటి వైద్యం ఏమాత్రం తగ్గదని రాసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంట్లో బాగాలేని రోజు ఫోన్ వస్తే "ఈరోజు వద్దు" అనే హక్కు అత్తగారిది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఇలాంటి రోగుల్ని ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్ళుగా చూడమన్నారు. కాబట్టి ఇన్ని ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడొద్దు.

సందేహాల_రావు
నావి రెండు కలపండి. స్టడీ అయ్యాక, ఆ ఊపిరి పద్ధతులు పనిచేశాయని తేలితే, నేర్పని గుంపుకి కూడా నేర్పుతారా? ఫలితం ఇంగ్లీషు పత్రికలో వేసి ఊరుకుంటారా, చేరిన కుటుంబాలకి తెలుగులో చెప్తారా? ఈ రెండింటికీ జవాబు సరిగ్గా ఉంటే నేను అడ్డు చెప్పను. లేకపోతే నా మాట నాదే.

పాలమూరోడు
రావుగారు ఎథిక్స్ కమిటీల ఉండాల్సిన మనిషి.

లీడ్స్_డాక్టర్
ఉప్పాడ గారూ, స్టడీ సంగతి అలా ఉంచి, అత్తగారికి చిన్న ఫ్యాన్ కొన్నారా? చేత్తో పట్టుకునే బ్యాటరీది. కేంబ్రిడ్జ్‌లో 50 మందితో చేసిన స్టడీలో ముఖానికి గాలి కొట్టినప్పుడు ఆయాసం తగ్గింది, కాళ్ళకి కొట్టినప్పుడు అంతగా తగ్గలేదు. ముక్కు, పెదాల దగ్గర తగిలేలా జానెడు దూరంలో, ఐదు నిమిషాలు. కానీ స్టడీలో చేరితే వాళ్ళకి ఈ విషయం చెప్పండి, లెక్క తారుమారు కాకుండా.

ఉప్పాడ_తీరం
కొనలేదండీ. రేపు కాకినాడ వెళ్తున్నాను, తెస్తాను. రావుగారి రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. డాక్టర్ ఏమన్నారో ఇక్కడే పెడతాను.